మీకు తెలుసా? రంగారెడ్డి గారిని ‘రె’ కింద వెతకొద్దు!

మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో 1890లో పుట్టిన ఒక బిడ్డ పేరు మీద ఇప్పుడు ఏకంగా ఒక జిల్లా ఉంది! ఆయనే కొండా వెంకట రంగారెడ్డి. మరి ఆ పేరును ఇంగ్లిష్ వ్యాసం చివర ఉండే ఆధార గ్రంథాల పట్టికలో ఎక్కించి చూడండి. కంప్యూటర్ ఏం చేస్తుందో తెలుసా? పేరులో చివరి ముక్కే ఇంటిపేరు అనుకుంటుంది. ‘రెడ్డి, కె.వి. రంగా’ అని తిప్పేస్తుంది! కొండా వారి ఇంటిపేరు పోయింది. రంగారెడ్డి రెండు ముక్కలయ్యాడు. పట్టికలో ఉన్న రెడ్లందరి మధ్యా ఆయన కలిసిపోయాడు!

అసలు సంగతి వినండి. మన ఇంటిపేరు ముందే ఉంటుంది! తెల్లవాళ్లకు చివర ఉంటుంది కాబట్టి వాళ్లు తిప్పుకుంటారు. మనం తిప్పకపోయినా నష్టం లేదు. తెలుగు పరిశోధన గ్రంథాల్లో 2 పద్ధతులు కనిపిస్తాయి. ‘సురవరం ప్రతాపరెడ్డి’ అని కామా లేకుండా రాసి ‘స’ కింద పెట్టడం ఒకటి. ‘ప్రతాపరెడ్డి, సురవరం’ అని కామాతో రాసి ‘ప’ కింద పెట్టడం రెండోది. రెండూ సరైనవే! పట్టిక మొదట్లో దేన్ని పట్టుకున్నారో చివరి పేరు దాకా దాన్నే పట్టుకోవాలి. తప్పల్లా ‘రెడ్డి, సురవరం ప్రతాప’ అని రాయడమే!

వెల్చేరు నారాయణరావు గారి మాట చూడండి. డేవిడ్ షుల్మన్‌తో కలిసి ఆయన తెచ్చిన ‘క్లాసికల్ తెలుగు పొయెట్రీ’ 2002లో వచ్చింది. ప్రపంచమంతా ఉటంకించే పుస్తకం అది! ఇంగ్లిష్ పట్టికలో ఆయన కోసం ఏ అక్షరం దగ్గర వెతకాలి? ‘రావు’ అని ఆర్ దగ్గరా? ‘నారాయణరావు’ అని ఎన్ దగ్గరా? ‘వెల్చేరు’ అని వి దగ్గరా? సరైనది ఎన్! ‘నారాయణరావు’ అన్నది ఒకే పేరు. దాన్ని కోయకూడదు.

ఇంకో ముచ్చట. ఉటంకింపులో శ్రీ, డాక్టర్, ఆచార్య లాంటి గౌరవ వాచకాలన్నీ తీసేయాలి. అది నియమం! మరి 1950లో అచ్చయిన ‘మహాప్రస్థానం’ రాసిన కవి పేరు? రెండు శ్రీలూ ఉండాల్సిందే! శ్రీశ్రీ అన్నది కలం పేరు. పుస్తకం ముఖపత్రం మీద ఏ పేరుంటే ఆ పేరే రాయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ‘శ్రీ, శ్రీ’ అని కామా పెట్టి విడగొడతాయి. ఒక కంట కనిపెట్టి ఉండండి!

చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరుకునేవాళ్లు చేసే ప్రదక్షిణలు 11. తీరాక చేసేవి 108! వీసా మొక్కు మొక్కి అమెరికా విమానం ఎక్కిన పిల్లలు ఎందరో! ఏ కోర్సులో చేరినా అక్కడ వ్యాసాలు రాయడం తప్పదు. రాసిన ప్రతి వ్యాసానికీ ఆధారాలు చూపించడమూ తప్పదు. గుడిలో లెక్క తప్పకుండా కార్డు మీద ఒక్కో అంకె కొట్టేస్తూ తిరుగుతారు కదా! పుట సంఖ్యల విషయంలోనూ అంత శ్రద్ధ కావాలి మరి!

సాహిత్యం విద్యార్థులు ఎక్కువగా వాడేది మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ పద్ధతి. అందులో మొత్తం ఉన్నవి 9 గళ్లే! రచయిత, రచన పేరు, అది ఉన్న పుస్తకం లేదా పత్రిక పేరు, సంపాదకుడో అనువాదకుడో ఉంటే వారి పేరు, ముద్రణ, సంపుటి సంఖ్య, ప్రచురణకర్త, తేదీ, చివరగా పుట. అంతే! పుస్తకమైనా సినిమా అయినా యూట్యూబ్ వీడియో అయినా ఇవే గళ్లు. లేని గడిని వదిలేసి ముందుకు పోవడమే!

ఇది కొత్త సంగతి. షికాగో పద్ధతి పుస్తకం 18వ ముద్రణ 2024లో వచ్చింది. పుస్తకం అచ్చయిన ఊరి పేరు ఇక రాయనక్కర్లేదని చెప్పేసింది! న్యూయార్క్ పుస్తకాలకు అది సరిపోతుందేమో. తెలుగు పుస్తకాలకు మాత్రం ఊరు రాయాలనే నేనంటాను. పాత తెలుగు పుస్తకం మద్రాసులో అచ్చయిందా, రాజమండ్రిలోనా, హైదరాబాదులోనా అన్నది పరిశోధకుడికి ఎంతో చెబుతుంది! మీ గైడ్ వద్దనకపోతే రాసేయండి.

అన్నట్టు, ముఖపత్రం మీద ‘మద్రాసు’ అని ఉంటే ‘మద్రాసు’ అనే రాయాలి! ఊరి పేరు 1996లో చెన్నైగా మారింది. పుస్తకం మీది అచ్చు మాత్రం మారదు కదా!

చేవెళ్ల కథ ఇంకా తమాషా! నిజాం కాలంలో ఇది అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. ఆ తర్వాత హైదరాబాదు జిల్లాలో చేవెళ్ల తాలూకా. 1978 నుంచి రంగారెడ్డి జిల్లా! ఊరు అంగుళం కూడా కదల్లేదు. జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది! మీ ఊరి చరిత్ర రాస్తూ 1961 జనాభా లెక్కల పుస్తకం కోసం రంగారెడ్డి జిల్లా అని అడిగితే దొరకదు. హైదరాబాదు జిల్లా అని అడగాలి. పాదసూచికలోనూ అలాగే రాయాలి.

ఊరి చరిత్ర అన్నాం కదా! తెలంగాణలో పల్లెపల్లెకూ ఒక గొప్ప ఆధారం ఉంది. 1954-55 ఖాస్రా పహాణీ! ఆనాడు ఏ భూమి ఎవరి పేర ఉందో, ఎవరు దున్నుతున్నారో అందులో తేలిపోతుంది. భూమి తగాదా వస్తే అందరూ దాని దగ్గరికే పరుగెత్తుతారు. చరిత్ర రాసేవాళ్లు కూడా పరుగెత్తవచ్చు! పాదసూచికలో ఊరు, మండలం, సర్వే నంబరు, పహాణీ సంవత్సరం, దాన్ని చూసిన ఆఫీసు పేరు ఉండాలి. ‘పాత రికార్డుల ప్రకారం’ అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు!

ఇప్పుడు అసలైన చిక్కు! నిజాం రాజ్యం కాగితాల మీద ఫసలీ సంవత్సరాలుంటాయి. 590 కలిపితే మన లెక్కకొస్తుందని అందరూ చెబుతారు. సరే, మూసీ వరద తీసుకోండి. ఆ వరద తర్వాతే మొయినాబాద్ పక్కన గండిపేట, హిమాయత్ సాగర్ చెరువులు కట్టారు. వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. ఫసలీలో అది 1317. కలపండి! 1907 వస్తోంది! ఏడాది తగ్గిపోయింది! ఎందుకంటే హైదరాబాదు ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. సెప్టెంబరు అంటే దానికి తోక. అందుకే పాదసూచికలో కాగితం మీదున్న ఫసలీని అలాగే ఉంచాలి. పక్కనే ‘1907-08’ అని రెండేళ్లూ వేయాలి. ఒకే ఏడు వేశారో, వరద రాకముందే వరద తెచ్చేసినట్టే!

శాసనాల్లోనూ అదే మెలిక! శక సంవత్సరానికి 78 కలపాలని బడిలోనే నేర్పుతారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 నాటిది. కలిపితే 1162. కానీ పుస్తకాలన్నీ 1163 అంటాయి! ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు! ఆ శాసనం మాఘమాసంలో వేశారు. అప్పటికి ఇంగ్లిష్ లెక్కలో జనవరి వచ్చేసింది. నెల చూడకుండా ఏడాది రాయకూడదన్నమాట!

కొన్ని పాత తెలుగు పుస్తకాల మీద అంకెలే ఉండవు. ‘వికారి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటుంది. అది 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది! 1899 వికారి. 1959 వికారి. 2019 కూడా వికారే! మీ చేతిలో ఉన్నది ముత్తాత కాలం పుస్తకమా, తాత కాలందా? కాగితం, అచ్చు, పీఠిక చూసి తేల్చాలి. తేల్చిన ఏడాదిని చదరపు కుండలీకరణాల్లో పెట్టాలి. ఆ గుర్తు ఉంటే చాలు, అది పుస్తకం మీద లేదు, మీరు తేల్చినదని చదివేవారికి తెలిసిపోతుంది!

వాక్యం మధ్యలో కుండలీకరణాలు పెట్టి రచయిత, ఏడాది రాస్తారు చూశారా? దాన్ని హార్వర్డ్ పద్ధతి అంటారు. అది ఎక్కడ మొదలైందో తెలుసా? నత్తగుల్లల బంధువు మీద! చిప్ప లేని నత్త గుడ్ల గురించి ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1881లో రాసిన వ్యాసంలో ఆ అలవాటు మొదలైందని చెబుతారు. సాహిత్యం, చరిత్ర, సమాజశాస్త్రం అన్నీ ఇప్పుడు ఆ నత్త వెనకే నడుస్తున్నాయి!

ఇక పాత గ్రంథాల్లోని అంకెల కథ! బైబిలు కొత్త నిబంధన వచనాలకు ఇప్పుడున్న అంకెలు వేసింది 1551లో పారిస్‌కు చెందిన ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్. ప్లేటో గ్రంథాలకు ఇవాళ్టికీ వాడే పుట సంఖ్యలు 1578 నాటి ముద్రణవి. వేసిందెవరు? హెన్రీ ఎస్తియెన్. రాబర్ట్ కొడుకే! తండ్రీకొడుకులు వేసిన అంకెల మీద లోకం ఇప్పటికీ నడుస్తోంది!

మనకేం తక్కువ? మన పద్య కావ్యాలకు అంతకన్నా చక్కని చిరునామా ఉంది! కవిత్రయ భారతంలో పర్వం, ఆశ్వాసం, పద్యం. 18 పర్వాల్లో ఏ పద్యమైనా మూడే మెట్లలో దొరికిపోతుంది! ‘ఆది. 1-25’ అంటే ఆదిపర్వం, మొదటి ఆశ్వాసం, 25వ పద్యం. భాగవతానికి చాలాచోట్ల స్కంధం, పద్యం చాలు. పుట సంఖ్య అక్కర్లేదు! పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినా పుటలు మారతాయి కానీ ఆశ్వాసం మారదు. కాకపోతే వావిళ్ల ప్రతిలో 25 అయిన పద్యం మరో ప్రతిలో 26 కావొచ్చు. కాబట్టి ఏ ప్రతి అన్నది ఒక్కసారి, పట్టికలో చెప్పి తీరాలి.

వేమన దగ్గరికొచ్చేసరికి అంతా తలకిందులే! బ్రౌన్ దొర 1829లో అచ్చువేసిన పుస్తకంలో పద్యాలు 693. పదేళ్లకు మళ్లీ వేస్తే 1,164 అయ్యాయి! ఇక ‘వేమన, 45వ పద్యం’ అని రాస్తే ఏ పద్యమని వెతుక్కోవాలి? వేమనకు సంపాదకుడి పేరు, ముద్రణ సంవత్సరం లేని ఉటంకింపు ఉన్నా లేనట్టే. ఎందరో సిద్ధాంత వ్యాసాల్లో సైతం ఈ రెండూ రాయరు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం!

అన్నమయ్య పాటలకు రాగి చిరునామా! ఆయన రాసినవి 32,000 అని చెబుతారు. మిగిలినవి సుమారు 12,000. తిరుమల కొండ మీద రాగిరేకుల్లో దొరికినవి అవి. అందుకే పాట కింద రేకు సంఖ్య ఇస్తారు. ఏ రేకు, అందులో ఎన్నో పాట, అచ్చు పుస్తకంలో ఏ సంపుటి! ‘ప్రసిద్ధ అన్నమయ్య కీర్తన’ అని రాసి వదిలేయకండి. రేకు దొరుకుతుండగా అంత బద్ధకమెందుకు?

తాటాకు గ్రంథంలో పుటలుండవు, ఆకులుంటాయి! 120 ఆకుల గ్రంథమంటే 240 వైపులన్నమాట. అంకె మాత్రం ఆకుకు ఒకటే. అందుకే ‘12వ ఆకు, వెనుక వైపు’ అని రాయాలి. గ్రంథాలయం పేరు, ప్రతి నంబరు ముందుండాలి. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ‘డి’ నంబరు, ‘ఆర్’ నంబరు అని రెండు వరసలున్నాయి. ఆ అక్షరం మరిచారో, మరో గ్రంథం మీ ముందుకొస్తుంది!

‘సం.’ అని రాసి చుక్క పెట్టారా? ఆగండి! అది సంపాదకుడా, సంపుటమా, సంవత్సరమా? 3 అర్థాలకు ఒకే చుక్క! పట్టికలో సంపాదకుణ్ణి పూర్తిగా రాసేయండి. నాలుగు అక్షరాలు పెరిగితే పెరగనీ!

‘పైదే, పుట 45’ అని రాయడం మన పరిశోధకులకు ఎంతో ఇష్టం. మధ్యలో కొత్త పాదసూచిక ఒక్కటి దూరిందనుకోండి. ‘పైదే’ వేరే పుస్తకానికి అంటుకుంటుంది! షికాగో పద్ధతి వాళ్లు 2017 నుంచే ఇది వద్దంటున్నారు. ఇంటిపేరు, పుస్తకం పేరులో రెండు ముక్కలు, పుట చాలంటున్నారు. ‘సురవరం, సాంఘిక చరిత్ర, 45’. ఎంత హాయిగా ఉందో చూడండి!

అకారాది క్రమంలోనూ ఒక గమ్మత్తుంది! బడి పట్టికలో ‘ళ’ ఎక్కడుంటుంది? ‘హ’ తర్వాత. కంప్యూటర్‌లో? ‘ల’ పక్కనే! యూనికోడ్ మన లిపికి కేటాయించిన 128 గళ్లలో దాని చోటు అది. వర్డ్‌లో బటన్ నొక్కి వరస పెట్టిన పట్టిక, చేత్తో పెట్టిన పట్టిక అందుకే కొన్నిచోట్ల కలవవు. క్షేత్రయ్య, క్షేమేంద్రుడు ‘క’లో దాక్కుంటారు! ఓసారి కళ్లతో చూసుకోండి.

ఇంగ్లిష్‌లో పుస్తకం పేరును వాలు అక్షరాల్లో వేస్తారు. ఆ వాలు అచ్చుతో మొదటి పుస్తకం 1501లో వెనిస్‌లో వచ్చింది. తెలుగు లిపికి ఆ వాలు అలవాటే లేదు! బలవంతాన వంచితే ఒత్తులూ కొమ్ములూ ఒకదాని మీదొకటి పడతాయి. అందుకే తెలుగులో పుస్తకం పేరుకు కోట్ గుర్తులో, ముద్ద అక్షరాలో చాలు. వంచకండి!

ఇంటర్నెట్ నుంచి దించుకున్న పాత పుస్తకం మరో వల పన్నుతుంది. తెర మీద కనిపించే అంకె 61. పుట మీద అచ్చయిన అంకె 45! ముందున్న అట్ట, పీఠిక, విషయసూచిక కలిసి 16 తేడా తెచ్చాయి. రాయాల్సింది ఏది? అచ్చయిన 45నే!

ఇప్పుడు చెప్పేది వింటే ఉలిక్కిపడతారు. తొలి తెలుగు కథ ఏది? గురజాడ ‘దిద్దుబాటు’, ‘ఆంధ్రభారతి’ పత్రిక, 1910. చాలాకాలం అందరూ అదే రాశారు. కానీ ‘హిందూ సుందరి’ పత్రిక 1902 నవంబరు సంచికలో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ ఉంది! ఎనిమిదేళ్లు ముందు! చర్చ మొత్తాన్ని తిప్పేసింది ఏమిటి? పత్రిక పేరు, నెల, సంవత్సరం. ఆ మూడే! ఎవరైనా ఆ సంచిక తెరిచి చూసుకోవచ్చు. ఇక్కడ ఒక నిజాయితీ నియమం కూడా ఉంది. ఆ పాత సంచికను మీరు చూడలేదు, కొత్త సంకలనంలో కథ చదివారు. అప్పుడు పాదసూచికలో సంకలనం పేరే రాయాలి! చూడని పత్రికను చూసినట్టు రాయడం అబద్ధమే.

తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశారో తెలుసా? కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. అందులో కవులు 354 మంది! పేరుపేరునా! లేరన్నవాళ్ల నోరు మూతపడింది. ఆధారాలు పోగేసి అచ్చువేయడంలో అంత బలముందని ఈ నేల మీద రుజువు చేసిన పుస్తకమది. ప్రతి తెలుగు విద్యార్థీ దాన్నొకసారి చేత్తో పట్టుకుని చూడాలి!

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018 నిబంధనల్లో ఒక వింత అంకె ఉంది. 14! వరసగా 14 మాటల వరకు కాకతాళీయంగా కలిస్తే కాపీ లెక్కలోకి తీసుకోరు. ఉటంకింపు గుర్తులు పెట్టి, ఆధారం చూపించి రాసిన భాగాన్ని కూడా లెక్క నుంచి తీసేస్తారు. అంటే సరిగ్గా పెట్టిన పాదసూచిక మిమ్మల్ని కాపాడుతుందన్నమాట! పెట్టకపోతే? పోలిక పది శాతం దాటితే తిరిగి రాయమంటారు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు!

ఇవన్నీ చేత్తో చేయాలా? అక్కర్లేదు! జొటెరో అనే సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. పుస్తకం వివరాలు ఒక్కసారి ఇస్తే ఏ పద్ధతి కావాలంటే ఆ పద్ధతిలో పట్టిక కట్టి ఇస్తుంది. కానీ తెలుగు పేర్ల దగ్గర దానికి మీరే నేర్పాలి. ఇంటిపేరు గడిలో ‘ప్రతాపరెడ్డి’ మొత్తం వేయండి, సొంత పేరు గడిలో ‘సురవరం’ వేయండి. అప్పుడు కోయదు!

పుస్తకం లేదు, కాగితం లేదు, తాత నోటి మాటే ఆధారం అనుకోండి. దాన్నీ ఉటంకించవచ్చు! కావాల్సినవి 4 వివరాలు. చెప్పినవారి పేరు, ఊరు, మాట్లాడిన తేదీ, అడిగినవారి పేరు. వారి అనుమతి తీసుకోవడం మరవకండి. చేవెళ్ల అంగడిలో కూర్చున్న పెద్దమనిషి చెప్పిన మాటకు పాదసూచికలో పుస్తకంతో సమానంగా చోటుంది!

చివరగా మన మొయినాబాద్‌లోనే! ఎనికేపల్లిలో వెయ్యేళ్ల నాటి 2 జైన స్తంభాలు ఉన్నాయని 2024లో పేపర్లలో వచ్చింది. వాటి మీద తీర్థంకరుల శిల్పాలు. చెక్కిన అక్షరాల్లో చిలుకూరు జైన బసది ప్రస్తావన! ఇప్పుడు బాలాజీ పేరుతో మారుమోగే చిలుకూరు ఒకప్పుడు జైనుల నెలవన్నమాట. దీన్ని మీ వ్యాసంలో రాస్తారు కదా! పేపర్లో చదివి ఉంటే పత్రిక పేరు, తేదీ, పుట రాయండి. ఊరికి వెళ్లి చూసి ఉంటే ఊరు, మండలం, ఏ స్తంభం, ఏ వైపు, ఎన్నో పంక్తి, చూసిన తేదీ రాయండి. పేపర్లో చదివి స్తంభం చూసినట్టు మాత్రం రాయకండి. మొయినాబాద్ ఎంత దూరమని? వెళ్లి చూసే రాయండి!